టాంగిల్ అంటే చిక్కే

ఆంగ్ల పదాలకు బడుల్లో ఒంటిమాట అర్థాలు బట్టీ పట్టిస్తున్నారు. మా మనవరాలి నోటుపుస్తకంలో ‘టాంగిల్’ ఎదురుగా ‘సమస్య’ అని ఉంది. ఆ సాయంత్రమే దాని జడ విప్పి, దువ్వెన ఆగిపోయినచోట చిక్కు చూపించాను, ఠక్కున అర్థమైంది. ‘టాంగిల్’ అనే మాట స్కాండినేవియా (స్వీడన్, నార్వే, డెన్మార్క్) వైపు నుంచి వచ్చి ఉంటుందని నిఘంటుకారుల అంచనా. 14వ శతాబ్దంలో మనిషిని ఇబ్బందిలో ఇరికించడమనే అర్థంలోనే వాడేవారు, దారాల ముడి తర్వాత వచ్చి చేరింది. మన ‘చిక్కు’కూ ఈ రెండర్థాలూ ఉన్నాయి (మనిషి చిక్కిపోవడం వేరే కథ!). మీ పత్రిక విద్యా పేజీలో రోజుకో ఆంగ్ల పదం తీసుకుని, దాని పుట్టుక, దీటైన తెలుగు మాట, ఒక వాడుక వాక్యం వేయండి. పాఠ్యపుస్తకాల పదపట్టికల్లోనూ అలాగే చేర్చాలి.

– ఒక అమ్మమ్మ, తెనాలి