ఎఫీ ‘దారి తప్పిన ఇల్లాలు’ కాదు

సంపాదకులకు నమస్కారం.

జర్మన్ నవలల్లో, సినిమాల్లో ప్రేమ, వాంఛల చిత్రణ గురించి గత ఆదివారం మీ సాహిత్య పేజీలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. తియోడోర్ ఫోంటానె నవల ‘ఎఫీ బ్రీస్ట్’ నాయికను వ్యాసకర్త ‘దారి తప్పిన ఇల్లాలు’ అని ఒక్క మాటతో తేల్చేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

పదిహేడేళ్ల ఎఫీ తోటలో స్నేహితురాళ్లతో ఆడుకుంటూ ఉండగా లోపలికి పిలిచి, ఒకప్పుడు ఆమె తల్లినే పెళ్లాడాలనుకున్న 38 ఏళ్ల అధికారి ఇన్‌స్టెటెన్‌తో సంబంధం ఖాయం చేస్తారు. పెళ్లయ్యాక సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో, భర్త ఎప్పుడూ పనుల మీద తిరుగుతూ ఉంటే, ఒంటరితనంలో ఆమె మేజర్ క్రాంపాస్‌కు దగ్గరవుతుంది. ఆ సంబంధాన్ని ఫోంటానె ఎక్కడా వర్ణించడు, పాఠకులే ఊహించుకోవాలి. కాపురం బెర్లిన్‌కు మారడంతో అది ముగిసిపోతుంది కూడా. ఆరేళ్లకు పైగా గడిచాక, ఎఫీ ఊళ్లో లేనప్పుడు కూతురు ఆన్నీ పడి నుదురు చిట్లించుకుంటుంది. కట్టు గుడ్డ కోసం వెతుకుతూ పనివాళ్లు కుట్టుబల్ల తాళం బద్దలుకొడితే, ఎర్ర పట్టుదారం చుట్టిన పాత ఉత్తరాల కట్ట బయటపడుతుంది.

అప్పుడు ఇన్‌స్టెటెన్ మిత్రుడితో మాట్లాడే ఘట్టాన్ని వ్యాసకర్త ప్రస్తావించనే లేదు. తనకు కక్ష లేదనీ, భార్య మీద ప్రేమ ఇంకా ఉందనీ స్వయంగా ఒప్పుకుంటూనే, నలుగురి మధ్య బతికేవాడు నలుగురి కట్టుబాటుకు లొంగక తప్పదని వాదించి, ద్వంద్వయుద్ధానికి వెళ్లి క్రాంపాస్‌ను చంపుతాడు. భర్త వెళ్లగొట్టిన ఎఫీని కన్నవాళ్లూ ఇంటికి రానివ్వరు. కొన్నేళ్ల తర్వాత తల్లిని చూడటానికి వచ్చిన ఆన్నీ, ఏమడిగినా ‘తప్పకుండా, నన్ను రానిస్తే’ అని ఒకే పాఠం అప్పజెబుతుంది. నవల మొత్తంలో ఇంతకు మించిన క్రూరమైన వాక్యం నాకు కనిపించలేదు. 1974లో ఈ కథను నలుపు తెలుపుల్లో తీసిన ఫాస్‌బిండర్ తన సినిమాకు చాంతాడంత పేరు పెట్టాడు: తమకేం కావాలో కొంత తెలిసి కూడా పాలించే వ్యవస్థను తలలో మోస్తూ, తమ చేతలతో దాన్నే గట్టిపరిచే వాళ్లందరి గురించి అని దాని సారాంశం. అందులో తప్పు ఎవరిదో పేరులోనే ఉంది.

క్రిస్టా విన్‌స్లో నాటకం ఆధారంగా 1931లో లియొంటీన్ సాగన్ తీసిన ‘మేడ్‌షెన్ ఇన్ యూనిఫామ్’ను ‘హాస్టల్ అల్లరి’ అనడమూ అలాంటి పొరపాటే. ఆడపిల్లల హాస్టల్ బడిలో చదివే మనూయెలా తన ఉపాధ్యాయురాలిని ప్రేమిస్తుంది. ప్రధానోపాధ్యాయిని దాన్ని పాపం అన్నప్పుడు, మీరు పాపం అనేదాన్ని నేను వేయి రూపాలున్న ప్రేమ అంటానని ఆ ఉపాధ్యాయురాలే ఎదురుచెబుతుంది. ఒక్క మగ నటుడూ కనిపించని ఆ చిత్రం పడక గదుల క్రమశిక్షణ నుంచి భోజనాల పొదుపు దాకా పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యా తరహా కఠిన పెంపకాన్ని నిలదీసింది.

చివరిగా, ఎఫీ మరణం ‘చేసిన తప్పుకు ఫలితం’ అని వ్యాసంలో ఉంది. ఈ కథకు ప్రేరణ ఎలిజబెత్ ఫాన్ ఆర్డెన్ అనే నిజమైన స్త్రీ. 1886 నాటి ద్వంద్వయుద్ధంలో ఆమె భర్త ఆమె ప్రియుణ్ని చంపి, విడాకులు తీసుకుని, పిల్లల్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఫోంటానె తన నాయికను ముప్పయ్యేళ్లయినా రాకముందే సమాధి చేశాడు గానీ, ఎలిజబెత్ నర్సుగా పనిచేసి, 98 ఏళ్లు బతికి, 1952లో కన్నుమూసింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు