టై రాడ్ లావు చేసినంత మాత్రాన సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

రాళ్లదారుల్లో తిరిగే బండ్లకు చేయించుకోవలసిన మార్పుల గురించి మీ వాహనాల పేజీలో రాస్తూ, స్టీరింగ్ విషయాన్ని ‘బలమైన టై రాడ్ వేయించుకోండి’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ముందు చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసే కడ్డీ అది. మీ మాట తప్పు కాదు. కానీ అదొక్కటే పట్టుకుని పని చేయిస్తే బండి మునుపటికంటే ప్రమాదకరంగా తయారు కావచ్చు. అందుకే ఈ ఉత్తరం. ముందు ఇరుసు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి యాక్సిల్‌గా ఉండే బండ్ల గురించే రాస్తున్నాం. ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నవాటి లెక్క వేరు.

స్టీరింగ్ బాక్సు కింద పిట్‌మన్ ఆర్మ్ అనే చిన్న చేయి ఉంటుంది. అది డ్రాగ్ లింక్ అనే కడ్డీని తోస్తుంది, డ్రాగ్ లింక్ ఒక వైపు నకిల్‌ను, అంటే చక్రాన్ని మోస్తూ తిరిగే భాగాన్ని, తిప్పుతుంది, అక్కడి నుంచి టై రాడ్ రెండో నకిల్‌ను లాక్కుపోతుంది. కొన్ని బండ్లలో ఇలా ఉండదు. 1997 నుంచి 2006 దాకా వచ్చిన జీప్ రాంగ్లర్ టీజేనే చూడండి. అందులో టై రాడ్ రెండో నకిల్ దాకా పోకుండా డ్రాగ్ లింక్ మీదే ఒకచోట కలుస్తుంది, తిరగేసిన ‘వై’ అక్షరంలా. సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆ అమరికలో టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా, మారిపోతుంది. ఎత్తు పెంచిన బండిలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అలాంటి బండికి రాడ్ ఎంత లావుగా వేసినా టైర్ల అంచులు అరగడం ఆగదు. నకిల్ నుంచి నకిల్‌కు నేరుగా పోయే టై రాడ్, దానికి విడిగా డ్రాగ్ లింక్ అనే పద్ధతికి మార్చడమే అసలు మార్పు. 2007లో వచ్చిన రాంగ్లర్ జేకేలో కంపెనీవాళ్లే ఆ పద్ధతి పెట్టారు.

ఇక లావు సంగతి. టై రాడ్ తెగిపోవడం అరుదు, వంగిపోవడమే ఎక్కువ. చక్రం రాయికి ఆనుకుని ఉండగా స్టీరింగ్ బలంగా తిప్పితే, రెండు చివరల నుంచి నొక్కుడు పడి రాడ్ మధ్యలో విల్లులా వంగుతుంది. దీన్ని ఆపేది ప్రధానంగా గొట్టం బయటి వ్యాసమే. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం తీసి 32 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్నది వేస్తే వంగకుండా నిలిచే శక్తి దాదాపు 3.4 రెట్లు పెరుగుతుంది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) గొట్టం వేస్తే వంగనే వంగదని చాలామంది నమ్మకం. అది సరికాదు. మామూలు ఉక్కుకూ క్రోమోలీకీ బిగుతనం దాదాపు ఒకటే. మీటరుకు పైగా పొడవుండే సన్నటి రాడ్‌లో రెండూ ఇంచుమించు ఒకే బరువు దగ్గర విల్లులా లేస్తాయి. బరువు తీసేశాక తిరిగి నిటారుగా వచ్చే గుణం మాత్రం క్రోమోలీకి ఎక్కువ. కాబట్టి ముందు కొలత చూడండి, ఆ తర్వాతే లోహం పేరు. వంగిన రాడ్‌ను కాల్చి సరిచేయించడం, రెండు గొట్టాలను వెల్డింగ్‌తో అతికి పొడవు పెంచడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

రాడ్ చివర ఉండే కీళ్లను టై రాడ్ ఎండ్‌లంటారు. పెద్దవి వేసినప్పుడు, వాటి స్టడ్ (మరలున్న మొన) దిగే నకిల్ రంధ్రాన్ని రీమర్ అనే కోత పనిముట్టుతో పెద్దది చేయాలి. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. ఆ రంధ్రం తిన్నగా ఉండదు, టేపర్‌గా, అంటే ఒక వైపు నుంచి ఇంకో వైపుకు సన్నబడుతూ ఉంటుంది. అడుగుకు ఒకటిన్నర అంగుళం సన్నబడేది ఒక రకం, అంటే సుమారు 7 డిగ్రీలు. అడుగుకు రెండంగుళాలు సన్నబడేది ఇంకో రకం, అంటే సుమారు 9.5 డిగ్రీలు. ఒక రకం స్టడ్‌ను ఇంకో రకం రంధ్రంలో బిగిస్తే నట్ గట్టిగానే పడుతుంది, చేతికి ఏ తేడా తెలియదు. కానీ లోపల ఒక అంచు మాత్రమే ఆని ఉంటుంది. కొన్నాళ్లకు రంధ్రం సాగి స్టడ్ కదులుతుంది, చివరకు విరుగుతుంది. రీమర్‌ను నెమ్మదిగా, నూనె పోస్తూ తిప్పాలి. కాస్త కోయగానే స్టడ్ పెట్టి చూడాలి. స్టడ్‌కు నీలిరంగు పూసి నొక్కి తీస్తే, ఆ రంగు రంధ్రం గోడంతా సమానంగా అంటాలి. ఎక్కువ కోస్తే స్టడ్ లోపలికి దిగిపోయి, నట్‌కు మరచుట్లు అయిపోతాయి. స్ప్లిట్ పిన్ రంధ్రం నట్ గాడి దాటి పైకి వచ్చేసిందంటే ఆ నకిల్ పాడైనట్టే. వాషర్ వేసి సర్దుకోవద్దు.

రాళ్లకు తగలకుండా టై రాడ్‌ను నకిల్ పైకి మార్చేవారు ఇంకో సంగతి గమనించాలి. పాత టేపర్ కింది వైపు వెడల్పుగా ఉంటుంది. పై నుంచి మళ్లీ రీమర్ వేస్తే రంధ్రం డమరుకంలా తయారై, స్టడ్‌కు నడుమ దగ్గర మాత్రమే పట్టు దొరుకుతుంది. రంధ్రాన్ని తిన్నగా బోర్ చేసి, లోపల టేపర్ ఉన్న స్లీవ్ బిగించడమే సరైన పద్ధతి.

కోణాల విషయం మాత్రం లెక్క వేసి చెబితేనే తెలుస్తుంది. డ్రాగ్ లింక్, యాక్సిల్ పక్కకు జరగకుండా దాన్ని ఛాసిస్‌కు కట్టి ఉంచే ట్రాక్ బార్ ఒకదానికొకటి సమాంతరంగా, దాదాపు ఒకే పొడవులో ఉండాలి. రెండూ 900 మిల్లీమీటర్లు అనుకుందాం. సస్పెన్షన్ ఎత్తాక రెండింటి పై చివరా కింది చివరకంటే 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంది. ఏటవాలు ఎక్కువైందని కిందికి వంగి ఉండే డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ వేసి డ్రాగ్ లింక్ పై చివరను మాత్రం 75 దించారు. ఇప్పుడు చక్రాలు గుంత దాటి 75 మిల్లీమీటర్లు పైకి లేస్తే, ట్రాక్ బార్ యాక్సిల్‌ను పక్కకు సుమారు 9.5 మిల్లీమీటర్లు జరుపుతుంది. డ్రాగ్ లింక్ చివర జరిగేది సుమారు 3.1 మాత్రమే. మిగిలిన 6.3 మిల్లీమీటర్లు నకిల్‌ను తిప్పుతాయి. నకిల్ ఆర్మ్ 150 మిల్లీమీటర్లుంటే చక్రం దాదాపు 2.4 డిగ్రీలు దానంతటదే తిరుగుతుంది, మీ చేయి కదలకుండానే. దీన్నే బంప్ స్టీర్ అంటారు. రెండూ సమానంగా ఏటవాలుగా ఉన్న బండిలో ఇది దాదాపు ఉండదు. ఒకదాన్ని కదిపితే రెండోదాన్నీ అంతే కదపాలి. డ్రాగ్ లింక్ నకిల్ పైకి పోతే యాక్సిల్ వైపు ట్రాక్ బార్ బ్రాకెట్‌ కూడా అంత పైకి పోవలసిందే.

టై రాడ్ గట్టిపడ్డాక రాయి దెబ్బ ఎక్కడికి పోతుంది? పిట్‌మన్ ఆర్మ్‌ను తిప్పే స్టీరింగ్ బాక్సు సెక్టర్ షాఫ్ట్‌కు, బాక్సు బోల్టులకు, ఛాసిస్‌కు. పెద్ద టైర్లు, లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉన్న బండిలో బాక్సు బోల్టుల చుట్టూ ఛాసిస్‌ను తుడిచి పగుళ్లున్నాయేమో చూడాలి. అక్కడ పట్టీ వేసి, సెక్టర్ షాఫ్ట్‌కు బ్రేస్ పెట్టడం ఈ పనిలో భాగమే.

బిగించేటప్పుడు ఒక చివర ఎడమ మర, ఇంకో చివర కుడి మర ఉండాలి. అప్పుడే గొట్టం తిప్పి టో సరిచేయగలరు. మర కనీసం తన వ్యాసమంతైనా గొట్టం లోపలికి దిగాలి, ఒకటిన్నర రెట్లుంటే మేలు. రెండు ఎండ్‌లూ ఒకే తలంలో ఉండగా లాక్ నట్‌లు బిగించాలి. అవి ఒకదానికొకటి మెలి తిరిగి ఉంటే గొట్టానికి దొర్లే చోటుండదు, కీళ్లు ముందే అరుగుతాయి. స్టడ్ మీది క్యాసిల్ నట్ (పిన్ కోసం గాడులున్న నట్) చెప్పిన టార్క్‌కు బిగించాక పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి. వెనక్కి వదలకూడదు. టో ఇన్ (చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగి ఉండడం) చాలా బండ్లకు ఒకటిన్నర నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య సరిపోతుంది. టో కుదిరాక డ్రాగ్ లింక్ పొడవు మార్చి స్టీరింగ్ చక్రాన్ని నడిమికి తేవాలి.

తర్వాత జాక్ మీద యాక్సిల్‌ను పూర్తిగా వేలాడదీసి ఒకసారి, పూర్తిగా పైకి నొక్కి ఒకసారి, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. రాడ్ డిఫరెన్షియల్ మూతకు గానీ, స్ప్రింగ్‌కు గానీ, ట్రాక్ బార్‌కు గానీ తగలకూడదు. స్టీరింగ్ డ్యాంపర్, అంటే ఊపును తగ్గించే షాక్ అబ్సార్బర్, ఏ వైపూ చివరికి తన్నకూడదు. వీల్ స్టాప్ కంటే ముందు అది ఆగిపోతే, బరువంతా దాని బ్రాకెట్ మీదే పడుతుంది.

గుంత తగలగానే ముందు భాగమంతా ఊగిపోయే జబ్బుకు కొత్త డ్యాంపర్ వేసి పంపేయడం కూడా తరచూ జరుగుతోంది. ఊపు తగ్గినట్టు కనిపిస్తుంది, కారణం అలాగే ఉంటుంది. చక్రాలు నేల మీద, ఇంజిన్ నడుస్తూ ఉండగా ఒకరు స్టీరింగ్‌ను పావు వంతు అటూ ఇటూ తిప్పాలి, ఇంకొకరు ప్రతి కీలు మీదా చెయ్యి పెట్టాలి. అలా చేస్తే ట్రాక్ బార్ బోల్టు రంధ్రం సాగిందో, ఏ ఎండ్ వదులైందో నిమిషాల్లో దొరుకుతుంది. టై రాడ్ ఎండ్‌ల బదులు హైమ్ జాయింట్లు (తెరిచి ఉండే బంతి కీళ్లు) వేసినవారు ఈ పరీక్ష మరింత తరచుగా చేయాలి. వాటికి సాధారణంగా గ్రీజు తొడుగు ఉండదు, ఇసుక చేరి త్వరగా అరుగుతాయి.

ప్రతి లాక్ నట్ మీదుగా గొట్టం దాకా పెయింట్ గీత ఒకటి గీయించుకోండి. మొదటి రాళ్లదారి ప్రయాణం అయ్యాక ఆ గీత విడిపోయి కనిపిస్తే నట్ కదిలిందని అర్థం. మళ్లీ టో కొలిచాకే రోడ్డెక్కాలి. మీ పేజీలో ఇకముందు ఇలాంటి మార్పుల ఫొటోలు వేసేటప్పుడు, పక్క నుంచి తీసిన బండి ఫొటోతో పాటు ముందు నుంచి డ్రాగ్ లింక్, ట్రాక్ బార్ రెండూ కనిపించేదొకటి వేయవలసిందిగా కోరుతున్నాం.

భవదీయులు,
స్టీరింగ్ పని చేసే పాఠకులు