కోరంగి మడ అడవికి స్పీకర్లెందుకు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో, కాకినాడ దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి మడ అడవుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో రాశారు, బోటు సంగతి రాశారు, తిరుగు ప్రయాణంలో కాకినాడ కాజా కొనుక్కోమని కూడా రాశారు. ఆ చెట్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇక్కడ హైదరాబాద్ నుంచి రాత్రంతా గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని వెళ్లే మనిషికి తను ఎలాంటి చోట నడుస్తున్నాడో తెలియక్కర్లేదా?

నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. ఈమధ్య మా అపార్ట్‌మెంట్ వాళ్లతో కలిసి, నగరంలోని ఒక టూర్ ఏజెన్సీ ద్వారా అక్కడికి వెళ్లాను. నా మోకాళ్లకు కొండలూ మెట్లూ పడవు. కోరంగిలో ఆ ఇబ్బంది లేదు. బురద మీద వేసిన చెక్కబాట పట్టుకుని చెట్ల మధ్య నుంచి ఏటి దాకా వెళ్లి, నింపాదిగా చుట్టి మళ్లీ గేటు దగ్గరికి వచ్చేయొచ్చు. ముసలివాళ్లూ పసిపిల్లలూ ఇంత సులువుగా అడవి లోపలికి వెళ్లగలిగే చోట్లు మనకెన్ని ఉన్నాయి? అలాంటి బాట మీద మావాళ్లు బ్లూటూత్ స్పీకర్లు పెట్టారు. గైడ్‌గా వచ్చిన కుర్రాడే సౌండు పెంచమన్నాడు. చిప్స్ ప్యాకెట్లన్నీ వేర్ల మధ్యకు పోయాయి.

ఆ వేర్లు ఊరికే లేవు. బురదలో గాలి ఉండదు కాబట్టి నల్లమడ చెట్టు వేర్లను నేల పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఆటుకు బయటపడతాయి, పోటుకు మునుగుతాయి. వాటిని ప్లాస్టిక్ కప్పేస్తే చెట్టుకు గాలి అందదు. ఉప్పుపొన్న గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, ఆ తర్వాతే కింద బురదలో పడుతుంది. పాట ఆగిన కాసేపట్లో పిల్లలకు ఇది చూపిస్తే కళ్లు విప్పార్చుకుని చూశారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఒకావిడ ఆ కొమ్మ తుంచి పిల్లాడి చేతికివ్వబోతుంటే నేను అరిచి ఆపాల్సి వచ్చింది. తలకింత అని వసూలు చేసిన వాళ్లు ఈ ఒక్క మాటైనా చెప్పొద్దా?

1978 నుంచి అది అభయారణ్యం. దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లులు, నీటికుక్కలు బతికే చోటు. జనం గోల పెడితే అవి కనబడవు, కనబడలేదని మళ్లీ మనమే విసుక్కుంటాం. 1839లో వచ్చిన తుపాను కోరంగి రేవునే తుడిచిపెట్టింది. 1996 నవంబరు తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అలల తాకిడిని కాస్తయినా తగ్గించేది ఈ మడలే. చేపపిల్లలూ రొయ్యపిల్లలూ పెరిగేదీ వాటి వేర్ల మధ్యే. డెల్టాలో రొయ్యల చెరువుల కోసం ఎన్ని మడలు కొట్టేశారో ఎవరికి తెలియదు? మిగిలినదాన్నయినా ఉండనివ్వాలి కదా.

అసలు అధికారులకు చెట్టంటేనే అడ్డుగా కనబడుతుంది. మన కేబీఆర్ పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్‌ను, అంటే అడవికి రక్షణగా ఉంచే వలయాన్ని, 2020లో కొన్నిచోట్ల 3 మీటర్లకు కుదించారు. మూడంటే మూడే మీటర్లు! మా బాల్కనీ అంతకంటే పొడుగు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూలుస్తుంటే ఆపడానికి సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఇంటి ముందున్న అడవి విలువే పట్టని నగరం నుంచి వెళ్లిన జనం గోదావరి మొగలో మాత్రం మర్యాదగా ఎలా ఉంటారు?

తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపగలిగారు, భక్తులు అలవాటు పడ్డారు. ఈ అడవికి వచ్చేవాళ్లు మాత్రం అలవాటు పడరా? స్పీకర్లు, ప్లాస్టిక్ రెండూ గేటు దగ్గరే పెట్టించి లోపలికి పంపాలి. ప్రతి బృందం వెంట అక్కడి జాలరి కుటుంబాల నుంచి ఒకరిని పంపాలి, దానికి డబ్బు టికెట్‌లోనే తీసుకోవాలి. మనం ఫొటోలకు వాడుకునే అడవి వాళ్ల బతుకుదెరువు.

మీరు చేయగలిగిందీ ఒకటుంది. నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్ల బొమ్మలు వేసి, ఏ వేళ వెళితే ఆటు ఉంటుందో ఎలా తెలుసుకోవాలో చెప్పి, ఆ వ్యాసాన్ని ఇంకోసారి వేయండి. డిసెంబరులో స్కూళ్ల విహారయాత్రలు మొదలవుతాయి, ఆలోపే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నల్లకుంట, హైదరాబాద్