మతిమరుపంటే వయసు మాత్రమే కాదు
పెద్దవాళ్ల మతిమరుపును ‘వయసు మీద పడింది కదా’ అని కొట్టిపారేయడం ఇళ్లలోనే కాదు, ఆసుపత్రుల్లో కూడా మానాలి. మా అమ్మ 30 ఏళ్లుగా నడిచిన బ్రాడీపేట నాలుగో లైనులోనే ఇంటి దారి తెలియక ఏడుస్తూ నిలబడిపోతే ఒక డాక్టరు బలం మాత్రలు రాసి పంపారు, అసలు ఎవరికి చూపించాలో తెలియడానికే మాకు 8 నెలలు పట్టింది. థైరాయిడ్ తేడా, విటమిన్ బీ12 లోపం వల్ల వచ్చే మరుపైతే మందులతో చాలావరకు తగ్గొచ్చు, మెదడును మెల్లగా దెబ్బతీసే అల్జీమర్స్ అయితే పూర్తిగా నయం కాదు కానీ ముందే తెలిస్తే ఇంట్లోవాళ్లు సిద్ధపడతారు, ఆ ఒక్కటే ఎంతో నయం. బీపీ, షుగర్ చూసే పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనే 60 దాటినవాళ్లను 10 నిమిషాలు కూర్చోబెట్టి జ్ఞాపకశక్తి ప్రశ్నలు అడగాలి, అనుమానం ఉంటే రక్తపరీక్ష చేసి ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) చీటీ రాయాలి. రాత్రంతా కాపలా కాసే కూతుళ్లు, కోడళ్ల కోసం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరును ఆ ఆరోగ్య కేంద్రాల గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించండి.
– ఒక కూతురు, గుంటూరు