రక్షిత ప్రకృతి ప్రాంతంలో విద్యుత్ టవర్లు: అనుమతుల అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

రక్షిత గ్రామీణ ప్రాంతం మీదుగా వెళ్లే 400 కిలోవోల్టుల లైనుకు సంతకం చేసేముందు ఈ నాలుగు మాటలు చదవండి. గాలి, సౌర విద్యుత్ కావాలి, దాన్ని మోసుకొచ్చే లైన్లూ కావాలి. అందులో నాకు రెండో మాట లేదు. నా అభ్యంతరమల్లా కొండ అంచు వెంబడి టవర్లు నిలపడంపైనే. వెనుక కొండవాలు ఉంటే ఉక్కు చట్రం దాని రంగులో కలిసిపోతుంది. ఆకాశమే ఉంటే ఎంతో దూరం నుంచి కూడా కంటికి గుచ్చుకుంటుంది. మార్గాన్ని లోయ వైపు కాస్త జరిపినా ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

టవర్లు కట్టాక ఎలా కనిపిస్తాయో చూపే దరఖాస్తులోని నమూనా చిత్రాలను నిలదీయండి. వైడ్ యాంగిల్ లెన్సుతో తీసిన ఫోటోలో 50 మీటర్ల టవరు అగ్గిపుల్లంత కనిపిస్తుంది. దాన్ని చూసి ‘ప్రభావం స్వల్పం’ అని రాయడం అన్యాయం.

భూగర్భ కేబులుకు ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ, నిజమే. తవ్వకం నేలనూ చెట్ల వేళ్లనూ గాయపరుస్తుంది. అయినా ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో సుమారు 9 కిలోమీటర్ల మేర కేబుళ్లను భూమిలోకి దించి, 22 టవర్లను తొలగించారు. ముందు నిలబెట్టి, తర్వాత పీకేయడానికి మళ్లీ ఖర్చుపెట్టడం ఎందుకు?

రక్షిత భాగానికి మాత్రమే భూగర్భ మార్గపు అంచనాను, జనం నడిచే దారుల నుంచి తీసిన కొత్త చిత్రాలను విచారణకు ముందే ప్రజల ముందుంచండి.

ఇట్లు,
ఒక పౌరుడు