శనివారం బతుకమ్మ, తడిగుడ్డలో కరివేపాకు

సంపాదకుడి గారికి నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు అమెరికాలో మనవాళ్లు ఆడే బతుకమ్మను వెక్కిరించారు. తిథి లేదు, నక్షత్రం లేదు, సెలవు దొరికిన రోజే పండగ, అంతా ఫొటోల కోసమే అని ఆయన బాధ. ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నదాన్నే. 2024లో దసరాకు డల్లాస్ పక్కన మా బిడ్డ ఇంట్లో ఐదు నెలలు ఉండి వచ్చాక అనలేకపోతున్నాను.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10, గురువారం. నల్లగొండలో సాయంత్రం ఆరింటికి మా వీధి ఆడవాళ్లు బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని గుడి ముందుకు వస్తుంటే ఫోన్‌లో చూశాను. డల్లాస్‌లో అప్పుడు ఉదయం ఏడున్నర. బిడ్డ ఒక చేత్తో పిల్లవాడి టిఫిన్ డబ్బా మూత పెడుతూ, ఇంకో చేత్తో కారు తాళాలు వెతుక్కుంటోంది. "అమ్మా, పెద్దమ్మ ఎంత ఎత్తు పేర్చిందో ఒక్కసారి చూపించు" అంది. ఫోన్ తిప్పాను. చెప్పులు వేసుకుంటూనే చూసి వెళ్లిపోయింది. రాత్రి ఇంటికి వచ్చేసరికి ఇక్కడ తెల్లవారి, పానగల్ చెరువులో పూలు ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంటాయి. ఆ రోజు ఆమెకు సెలవు ఎవరిస్తారు?

శనివారం ఆడారు. తంగేడు దొరకదు, పసుపు చామంతితో సరిపెట్టారు. గునుగు మాత్రం దొరికింది. అక్కడి మొక్కల దుకాణంలో సెలోషియా అని కుండీల్లో పెట్టి అమ్ముతున్నారు, చూస్తే మన గునుగు జాతే. మా చెలకలో కలుపని పీకి గట్టు మీద పారేసేదాన్ని మా బిడ్డ డాలర్లు పోసి ఆరు కుండీలు కొంది. కోయడానికి దానికి మనసొప్పలేదు, నేనే కోశాను. నిమజ్జనం పిల్లలు ఆడుకునే గాలి టబ్బులో. నవ్వొచ్చింది, నిజమే. కానీ అక్కడే పుట్టిన పదేళ్ల పిల్ల ఒకతి పసుపు గౌరమ్మను రెండు చేతుల్లో పట్టుకుని, నీళ్లు చిందకుండా వంగి దించిన తీరు చూస్తే ఆ పాఠకుడూ నవ్వడం ఆపేవారు.

అన్నీ బాగున్నాయని కాదు. ముఖ్య అతిథులూ స్పాన్సర్లూ గంటన్నర మాట్లాడారు, ఆట నలభై నిమిషాలు. చెవులు పగిలే పాటల్లో మా ముసలాళ్ల గొంతులు ఎవరికీ వినపడలేదు. దాని మీద ఎవరైనా లేఖ రాస్తే కింద నేనూ సంతకం పెడతాను. రోజు మార్చారని మాత్రం తిట్టకండి. మన దగ్గరే సద్దులు ఇవాళా రేపా అని పంచాంగాల మధ్య తగువు తెగదు. 2025లో దసరా గాంధీ జయంతి నాడు వచ్చింది. మాంసం దుకాణాలు మూసి ఉంటాయని మా వీధిలో ఎంతమంది ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారో నాకు తెలుసు. మేమూ పెట్టుకున్నాం.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. పండగకు పిల్లల దగ్గరికి వెళ్లే మాలాంటి వాళ్లు ఏమీ తెలియకుండా విమానం ఎక్కుతున్నాం. మీ పత్రికలో విదేశాల బతుకమ్మ ఫొటోలకు ఏటా చోటుంది కానీ, ఆ ప్రయాణం గురించి నాలుగు పనికొచ్చే ముక్కలు చదివిన గుర్తు నాకు లేదు.

మాకు ఫారాలు నింపిన ఏజెంటు ఒక్కొక్కరికి ఐదు వేలు తీసుకుని నా పుట్టిన తేదీ తప్పు వేశాడు. అది సరే, దిద్దించుకున్నాం. "తినే వస్తువులున్నాయా అని అడిగితే లేవనండి, లేకపోతే పెట్టెలన్నీ విప్పుతారు" అని కూడా నేర్పి పంపాడు. మా పెట్టెల్లో సకినాలు, కారప్పొడి, మామిడికాయ తొక్కు, మా పొలం బియ్యం రెండు కిలోలు, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు. అదృష్టం కొద్దీ బయల్దేరే ముందు అల్లుడు ఫోన్ చేసి, "అత్తమ్మా, ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. చెబితే తీసుకుంటే తీసుకుంటారు, దాస్తేనే జరిమానా" అన్నాడు. అన్నీ చెప్పాం. అక్కడి విమానాశ్రయంలో అధికారి బియ్యం, కరివేపాకు తీసి పక్కన పడేసి మిగతావి సర్దుకోమన్నాడు. అంతే. మా ముందున్న ఒక పెద్దాయన ఏమీ లేదన్నాడు, పెట్టెలో మటన్ పచ్చడి బయటపడింది. మాంసం అసలు తీసుకెళ్లకూడదు. ఆయన్ను పక్కకు పిలిచారు. మేం బయటికి వచ్చేటప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాడు.

మా ఆయన రెండు రోజులు సణిగారు. నాలుగు రెమ్మల కరివేపాకుతో వీళ్ల దేశం మునిగిపోతుందా అని. మూడో రోజు అల్లుడు చదివి చెప్పాడు. బత్తాయి, నారింజ చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటించే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందట. ఫ్లోరిడాలో నారింజ తోటలు ఆ తెగులుతోనే దెబ్బతిన్నాయట. మా ఆయన ఇంక మాట్లాడలేదు. కనగల్ వైపు మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఆకులు పసుపు పచ్చగా మారి కొమ్మకొమ్మా ఎండిన చెట్లను ఆయనే దగ్గరుండి కొట్టించారు. బియ్యానికీ ఇలాంటి కథే. నిల్వ గింజల్ని తినే ఖాప్రా పురుగు భయంతో 2011 నుంచి మన దేశపు ప్రయాణికులు బియ్యం తేకూడదన్నారు. ఇది ఇక్కడే తెలిస్తే ఆ రెండు కిలోల చోట్లో ఇంకో డబ్బా సకినాలు పట్టేవి.

మందుల సంగతి ఇంకా సిగ్గు. ఒక మధ్యాహ్నం ఆయనకు జ్వరం. పిల్లలు ఆఫీసుల్లో. అల్మారాలో మాత్రల సీసా ఉంది, మీద అసెటమినోఫెన్ అని రాసి ఉంది. ఏదో పెద్ద జబ్బు మందనుకుని ముట్టలేదు. సాయంత్రం దాకా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. బిడ్డ వచ్చి "అయ్యో అమ్మా, ఇది పారాసిటమాలే, ఇక్కడ ఆ పేరు" అంది. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని.

బీమా కాగితం అక్కడికి వెళ్లాక చదివాం. ముందు నుంచే బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు వాటివల్ల వచ్చే ఖర్చును చాలా పాలసీలు ఇవ్వవు, ఇచ్చినా కొంతవరకే. అక్కడి పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ మనలాంటి చుట్టపుచూపు వాళ్లకు లేదు. వీసా పదేళ్లదని మా వీధిలో ఒకామె పదేళ్లూ అక్కడే ఉండొచ్చనుకుంది. దిగిన రోజు అధికారి ఎన్నాళ్లు రాస్తే అన్నాళ్లే, మామూలుగా ఆర్నెల్లు.

ఇందులో రహస్యం ఏమీ లేదు. అన్నీ ఎక్కడో ఇంగ్లిష్‌లో ఉన్నాయి, పిల్లలకు తెలుసు కూడా. అయితే వాళ్లు చెప్పేది మనం వినం, మనకు ఏజెంటు మాటే వేదం. అందుకే పత్రికలో తెలుగులో అచ్చయితే నమ్ముతాం. దసరాకు వెళ్లేవాళ్లు సామాను కట్టుకునేది జూలై, ఆగస్టుల్లో. ఆ నెలల్లో జిల్లా పేజీలో ఒక అరపేజీ ఇవ్వండి. ఏం తీసుకెళ్లొచ్చు, ఏం కూడదు, మందుల చీటీ ఎలా రాయించుకోవాలి, బీమాలో ఏ వరస చదవాలి, విదేశంలో ఉన్నప్పుడు పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలి. ఈ చివరిది ట్రెజరీ అధికారులను అడిగి రాయండి, మాలో చాలామందికి టెన్షన్ దానితోనే. ఫొటోలకు చోటు తగ్గితే తగ్గనివ్వండి, మా బిడ్డ ఫొటో వేయకపోయినా నేనేమీ అనుకోను. పెన్షనర్ల సంఘాలు కూడా ఒక ఆదివారం వెళ్లొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి వెళ్లేవాళ్లతో మాట్లాడిస్తే మేం వస్తాం, మా ఆయన కరివేపాకు కథ ఆయనే చెబుతారు.

మా పక్కింటావిడ ఈ ఆగస్టులో కొడుకు దగ్గరికి వెళ్తోంది. కరివేపాకు వాడిపోకుండా తడిగుడ్డలో ఎలా చుట్టావు వదినా అని మొన్న అడగడానికి వచ్చింది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే రెండే రెమ్మలు తీసుకెళ్తాలే" అంది.

ఇట్లు
ఒక రిటైర్డ్ టీచర్,
నల్లగొండ