మన బస్తీల మీద పేపర్లు మనవాళ్లు రాసేదెప్పుడు?

సంపాదకులు గారికి నమస్కారం.

యూనివర్సిటీ విద్యార్థుల కోసం పెట్టే అంతర్జాతీయ ఎకనామిక్స్ పరిశోధన పత్రాల పోటీల ప్రకటనలు మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఇవి కొత్తవేమీ కావు. ఇంటర్నేషనల్ అట్లాంటిక్ ఎకనామిక్ సొసైటీ డిగ్రీ విద్యార్థుల పేపర్లకు పోటీ పెట్టి, గెలిచినదాన్ని తన జర్నల్‌లోనే అచ్చు వేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో 1999 నుంచి ఎకనోమెట్రిక్స్‌లో, అంటే గణాంకాలతో ఆర్థిక విషయాలు తేల్చే శాస్త్రంలో, జట్ల పోటీ జరుగుతోంది. దక్షిణాసియా దేశాల పిల్లలకు 2004 నుంచి ఎకనామిక్స్ స్టూడెంట్స్ మీట్ ఉంది. నేను నగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడల్లా మా స్టాఫ్ రూమ్‌లో వినపడే మాట ఒకటే: "ఇవన్నీ ఢిల్లీ పిల్లలకండీ, మనవాళ్లకెక్కడ?" ఆ మాట ఎంత తప్పో చెప్పడానికే ఈ ఉత్తరం.

డెవలప్‌మెంట్ ఎకనామిక్స్, అంటే పేద దేశాల ఆర్థిక శాస్త్రం చదివేవాళ్లకు, వాళ్లు ఏ దేశంలో ఉన్నా, హైదరాబాద్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి మైక్రోఫైనాన్స్ మీద, అంటే పేదలకిచ్చే చిన్న అప్పుల మీద, చేసిన అధ్యయనం మన బస్తీల్లోనే జరిగింది. నగరంలో 104 చోట్లు ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో తేలిన 52 చోట్ల ఒక సంస్థ ముందుగా బ్రాంచీలు తెరిచింది. ఆ తర్వాత 6,800కు పైగా ఇళ్లు తిరిగి వివరాలు రాసుకున్నారు. అప్పు దొరికిన చోట కొత్త వ్యాపారాలు కొద్దిగా పెరిగాయి, ఇంట్లో వస్తువులు చేరాయి. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ కనపడలేదు. ఈ పేపర్ 2015లో అచ్చయింది. ఈలోగా 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల వసూళ్ల గొడవ ముదిరి, ఆ సంస్థలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం వారం కిస్తీలు కట్టిన తల్లుల పిల్లలే ఇప్పుడు మా క్లాసుల్లో కూర్చుంటున్నారు. అంత పెద్ద అధ్యయనం తమ ఊళ్లో జరిగిందని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంకాస్త వెనక్కి వెళ్తే పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. 1975 నుంచి ఆ సంస్థవాళ్లు పల్లెల్లో మనుషుల్ని ఉంచి, ఒక్కో ఊళ్లో 40 కుటుంబాల ఆదాయం, ఖర్చు, అప్పు, కూలి అన్నీ రాయించారు. అందులో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి ఒకటి. రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఆ ఊరి లెక్కలు, మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్ల లెక్కలు దగ్గర పెట్టుకుని 1994లో ఒక పేపర్ రాశాడు. ఒక ఇంట్లో పంట పోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోవడం లేదనీ, అది ఊరి మొత్తం పరిస్థితిని బట్టే ఎక్కువగా నడుస్తోందనీ చూపించాడు. చేబదుళ్లు, చుట్టరికాలు, ధాన్యం సర్దుబాట్లు చేసే పని అది. ఊళ్లో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా చెప్పింది మాత్రం మసాచుసెట్స్ ప్రొఫెసర్లూ షికాగో ప్రొఫెసర్లూ. వాళ్ల మీద నాకు కోపం లేదు, గౌరవమే. మనం ఎప్పటికీ సర్వేలో జవాబు చెప్పేవాళ్లుగానే మిగలాలా అన్నదే నా బాధ.

ఈ నగరంలో ఎకనామిక్స్ చదివేవాళ్లకు కరువు లేదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లి చూడండి, కుర్చీ దొరకదు. గ్రూప్-2లో ఎకానమీకే 150 మార్కుల పేపర్ ఉంది మరి. ప్రణాళికా సంఘం ఎప్పుడు పుట్టింది, నీతి ఆయోగ్ ఎప్పుడొచ్చింది అంటే నిద్రలో లేపి అడిగినా చెబుతారు. తప్పేమీ కాదు, ఉద్యోగం కావాలి. కానీ అన్నేళ్లు బిట్లు బట్టీ పట్టినవాళ్లను "నీకేం తెలుసుకోవాలని ఉంది?" అని అడిగితే తెల్లమొహం వేస్తారు. డిగ్రీలో ఆ ప్రశ్న అడిగే చోటు ఒక్కటే ఉంది, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. దాన్ని మనం జిరాక్స్ షాపులకు అప్పగించాం.

నేను చూసిందే రాస్తున్నాను. కోఠి వైపో, దిల్‌సుఖ్‌నగర్ వైపో ప్రాజెక్టు వర్క్ బోర్డున్న ఏ షాపుకైనా వెళ్లండి. మొదట అడిగేది టాపిక్ కాదు, "అరవై పేజీలా, ఎనభై పేజీలా మేడమ్?" అని. గోల్డ్ అక్షరాల బైండింగుకు రేటు వేరు. పోయినసారి నా దగ్గరికి అమీర్‌పేట కొనుగోలుదారుల సంతృప్తి మీద ఒక రిపోర్టు వచ్చింది. కవరు మీద అమీర్‌పేట, లోపల ఒక టేబుల్ కింద కోయంబత్తూరు. ఊరి పేరు మార్చినవాడు ఆ ఒక్కచోట మర్చిపోయాడు, పాపం. ఆ అబ్బాయిని అడిగితే కోయంబత్తూరు ఎక్కడుందో కూడా తడుముకున్నాడు. దానికీ మార్కులు పడ్డాయి.

వీటికి తోడు డబ్బు కడితే చాలు, పేపర్ అచ్చేసి సర్టిఫికెట్ ఇచ్చే 'ఇంటర్నేషనల్' జర్నళ్లొకటి. యూజీసీ నమ్మదగిన జర్నళ్ల పేర్లతో పెట్టిన తన కేర్ జాబితాను 2025లో ఎత్తేశాక ఏది అసలో ఏది నకిలీయో చూసుకోవాల్సిన పూచీ కాలేజీల మీదే పడింది. నిజం పోటీకి పంపితే తిప్పికొడతారేమోనన్న భయం ఉంటుంది, వీటితో ఆ టెన్షన్ కూడా లేదు.

పిల్లల్లో సరుకు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బోరబండ నుంచి వచ్చే, తల్లి ఇళ్లల్లో పని చేసే ఒక అమ్మాయి ఫైనల్ ఇయర్‌లో నన్ను అడిగింది: "మా అమ్మ ఇంతకుముందు నడిచిపోయేటంత దూరంల ఉన్న ఇండ్లే పట్టేది మేడమ్. ఇప్పుడు బస్సు ఫ్రీ కదా, మాదాపూర్‌ల రెండిండ్లు పట్టింది. ఆడ పైసలెక్కువిస్తరు. అందరూ ఇట్లనే చేసిన్రా అని అడిగి రాస్తే ప్రాజెక్టయితదా?" మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. ఒక తేదీ ఉంది, దానికి ముందు ఉంది, తర్వాత ఉంది. బస్సు బాగా తిరిగే బస్తీ ఉంది, సరిగా రాని బస్తీ ఉంది. ఏ అంతర్జాతీయ పోటీకైనా ఇంతకంటే మంచి ప్రశ్న ఏం కావాలి? చిక్కులూ ఉన్నాయి. ఆ ఇళ్లలో జీతాలు ఎలాగూ పెరిగేవేమో, బస్సు వల్లనేనని ఎలా చెప్పగలం? అది కూడా ఆ అమ్మాయే అడిగింది. తెలుగులో ప్రశ్నల కాగితం తయారు చేసుకుని, తెల్లారకముందే బస్టాప్‌లో పనికి వెళ్లే ఆడవాళ్లను అడగడం మొదలుపెట్టింది. ఇంతలో మా కాలేజీలో టైటిళ్ల జాబితా ఖరారైపోయిందనీ, మార్చడానికి వీల్లేదనీ చెప్పారు. చివరికి ఆ అమ్మాయి కూడా వినియోగదారుల సంతృప్తి మీదే స్పైరల్ బైండింగ్ తెచ్చి ఇచ్చింది. నేను సంతకం పెట్టాల్సి వచ్చింది.

డబ్బు లేక ఆగిపోయే పని కాదిది. ఉపాధి మీద 2017 నుంచి జరుగుతున్న పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే, ఇళ్ల ఖర్చుల మీద 2022-23, 2023-24లో జరిగిన సర్వేల పూర్తి వివరాలను కేంద్ర గణాంక శాఖ సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. లెక్క చేయడానికి ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. పాత లాప్‌టాప్ సరిపోతుంది. ఇంగ్లిష్ అడ్డం అంటారు. మొదటి డ్రాఫ్టు తెలుగులో రాయనివ్వండి, విషయం ఉంటే ఇంగ్లిష్ చేయించడం పెద్ద పని కాదు. విషయం లేని ఇంగ్లిష్ రిపోర్టులు ఇప్పటికే మా బీరువా నిండా ఉన్నాయి. అసలు కొరత గైడ్‌కు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కు క్లాసు మొత్తాన్ని అప్పగించి గైడ్ చేయమంటే, ఆ మనిషి కూడా జిరాక్స్ షాపునే దీవిస్తాడు. గైడ్ చేసే గంటలకూ డబ్బివ్వాలి. ఇది నా సొంత లాభం కోసం అంటున్నానని అనుకున్నా సరే.

రాష్ట్ర ఉన్నత విద్యామండలికి, యూనివర్సిటీలకు నా విన్నపం ఇది. ప్రాజెక్టులకు టైటిళ్ల జాబితా ఇచ్చే పద్ధతి ఎత్తేయండి. వైవాకు బైండింగ్ పుస్తకంతో పాటు నింపిన ప్రశ్నల కాగితాలో, లెక్క చేసిన ఫైలో తెమ్మనండి. రెండు ప్రశ్నలు అడిగితే ఎవరిది సొంతమో తేలిపోతుంది. డిగ్రీ విద్యార్థులకు ఉస్మానియా లైబ్రరీలో, బేగంపేటలోని ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ సెస్ లైబ్రరీలో కూర్చుని చదువుకునే అనుమతి ప్రిన్సిపాల్ ఉత్తరం మీదే దొరికేలా చూడండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీ ఉంది, మంచిదే. అందులో నెగ్గిన ఎకనామిక్స్ ప్రాజెక్టులకు ఒక మంచి గైడ్‌ను ఇచ్చి, ఎంట్రీ ఫీజు ఉంటే అది కూడా కట్టి, బయటి పోటీలకు పంపాలి. ప్రైవేటు కాలేజీల పిల్లలకూ ఆ దారి తెరవాలి.

చాలా కాలేజీల్లో టైటిళ్ల జాబితా సెమిస్టర్ మొదలవకముందే నోటీసు బోర్డు ఎక్కేస్తుంది. సర్క్యులర్ ఏదైనా ఇవ్వదలిస్తే అంతకు ముందే ఇవ్వాలని మండలిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎకనామిక్స్ అధ్యాపకురాలు,
విద్యానగర్, హైదరాబాద్